చేతులు జోడించాను, రా అనలేదు

మా అపార్టుమెంటు ఆడవాళ్ళ యోగా గుంపు వచ్చి “నమస్తే గురించి పది నిమిషాలు మాట్లాడండి టీచర్” అన్నప్పుడు నేను వెనకా ముందూ చూడకుండా ఒప్పేసుకున్నాను. కోయంబత్తూరు బళ్ళో పదిహేనేళ్ళుగా సైన్సు చెప్పి గొంతు చించుకుంటున్నదాన్ని, పది నిమిషాలు నాకో లెక్కా? పైగా వినేవాళ్ళు పెద్దవాళ్ళు. మధ్యలో లేచి నీళ్ళు తాగి వస్తాం మిస్ అనరు. ఆ ఒప్పుకోలు కాస్తా నన్ను ఈడ్చుకుపోయి చిన్నమనూరులో మా అన్న గేటు ముందు ఎండలో నిలబెడుతుందని నాకేం తెలుసు!

ముందు మా సంగతి చెప్పాలి. మేము ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఎన్ని తరాల కిందట ఇటు వచ్చామో మా వాళ్ళలో ఎవరికీ తెలియదు. బళ్ళో చదివింది తమిళం, బస్సులో పోట్లాడేది తమిళం, ఇంట్లో అన్నం పెట్టమని అడిగేది తెలుగు. అక్షరాలు మాత్రం నాకు ఈ రెండేళ్ళలోనే వచ్చాయి. పక్క ఫ్లాటులో ఉండే మాస్టారు నేర్పారు. ఆయన చిన్న వయసులో ఆంధ్ర నుంచి వచ్చి, ఇక్కడే సంస్కృతం చెప్పి రిటైరైన మనిషి. నా తెలుగు వింటే ఆయనకు నవ్వు. ఆయన తెలుగు వింటే మా అత్తగారికి నవ్వు. “ఆ అయ్యరు రేడియోలో వార్తలు సదివినట్టే కాఫీ అడుగుతాడు” అంటుంది. ఆయన అయ్యరు కాదని ఎన్నిసార్లు చెప్పినా వినదు.

అసలు తమాషా ఏమిటంటే, నమస్కారం గురించి మాట్లాడడానికి మా వాళ్ళకంటే పనికిరానివాళ్ళు ఈ దేశంలో ఉండరు. మా ఇళ్ళలో నమస్కారం లేదు. దేవుడికి దండం పెడతాం, పండగనాడు పెద్దవాళ్ళ కాళ్ళకు మొక్కుతాం, ఓటు అడగడానికి వచ్చినవాడికి వణక్కం చెబుతాం. చుట్టాలకు మాత్రం ‘రా’ అనాలి. ఊరికే కాదు, వరస పెట్టి పిలిచి అనాలి. రా అన్నా, రాండి మామా, రా అత్తా. గడపలో కాలు పెట్టేలోపల అనాలి. లోపలికి వచ్చి కూర్చున్నాక వంద మాటలు ఆడినా, ఆ ఒక్క మాట పడకపోతే వచ్చినవాళ్ళు రానట్టే.

నవ్వకండి, ఇది చిన్న విషయం కాదు. మా వాళ్ళ పెళ్ళిళ్ళలో మండపం వాకిట్లో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళను కుర్చీ వేసి మరీ కూర్చోబెడతారు, వచ్చినవాళ్ళను వచ్చినట్టు రాండి రాండి అనడానికి. పెళ్ళికొడుకు తాళి కట్టడం మరిచిపోయినా సర్దుకుంటారు గాని, అది మరిస్తే సర్దుకోరు. మా నాయనమ్మ చెల్లెలు ఒకసారి అక్క ఇంటికి వచ్చిందట. ఆ సమయానికి మా నాయనమ్మ, పాల చెంబు తన్నేసిన ఆవును తిట్టుకుంటూ వెనక్కి తిరిగి ఉంది. తిట్టడం అయ్యి తిరిగి చూసేసరికి చెల్లెలు లేదు. పదకొండేళ్ళు రాలేదు. ఆవును తిట్టిన తిట్లు తనకే అనుకుందని కొందరు, రా అనలేదని కొందరు. అనలేదన్నదే అసలు కోపమని మా నాయనమ్మే చెప్పేది. చిన్నప్పుడు ఈ కథ విని నేను పడీపడీ నవ్వేదాన్ని. ఇంత మాత్రానికి పదకొండేళ్ళా అని.

నా నవ్వుకు తగ్గట్టే అయింది నాకు.

రెండేళ్ళ కిందట ఈ ఫ్లాటులో పాలు పొంగించాం. అప్పటికి మా పాపకు ఏడాది నిండవస్తోంది. అమ్మ పోయి కూడా సరిగ్గా ఏడాది. నాన్న ఎప్పుడో పోయాడు. పుట్టింటివైపు నాకు మిగిలింది ఒక్క అన్న. చిన్నమనూరు దగ్గర ద్రాక్షతోట చూసుకుంటాడు. పుట్టింటి సీరు, అంటే పళ్ళేల్లో పెట్టి తెచ్చే కానుకలు, తనే తెచ్చాడు. తెల్లారుజామునే వ్యాను కట్టించుకుని, పళ్ళూ కొబ్బరికాయలూ చీరా అన్నీ సర్దుకుని, పెద్ద ఇత్తడి దీపపు సెమ్మె ఒకటి తన చేతుల్లోనే పట్టుకుని వచ్చాడట.

పట్టుకుని వచ్చాడట అంటున్నాను. ఎందుకంటే నేను సరిగ్గా చూడలేదు. మా ఆయన ఆఫీసులో ఎవరో చెప్పారని ఒక వీడియో అమ్మాయిని పెట్టుకున్నాం. ఆ పిల్ల నన్నూ మా ఆయననూ వాకిట్లో నిలబెట్టి, “అందరికీ ఒకే మాదిరి చేతులు జోడించండి మేడం. నవ్వండి. నోరు మాత్రం కదపవద్దు, తర్వాత పాట వేస్తాం, నోరు కదిలితే బాగుండదు” అంది. నేనూ బుద్ధిమంతురాలిలా విన్నాను. బళ్ళో పిల్లలు నా మాట అలా వింటే ఎంత బాగుండేదో! మూడు గంటలసేపు పట్టుచీర, జోడించిన చేతులు, మూసిన నోరు. వచ్చినవాళ్ళు ఎవరో, పోయినవాళ్ళు ఎవరో నాకు తెలిస్తే ఒట్టు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర “అన్న ఏడీ” అని చూస్తే లేడు. వదినా లేదు. సీరు పళ్ళేలన్నీ గుమ్మం పక్కన వరసగా ఉన్నాయి. ఇత్తడి సెమ్మె మెట్టు మీద ఉంది. ఫోను చేస్తే వదిన ఎత్తింది.

“మీ అన్నకు మనసు సరిలేదు. ఆయన్ను రా అని ఒక మాట అనలేదంట గదా నువ్వు. బయటోళ్ళకు పెట్టినట్టు చేతులు జోడించినావంట.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “రా అనకపోతే రాకూడదా? ఆయనేం కొత్త అల్లుడా? నా ఇంటి పూజకు వచ్చి మెతుకు ముట్టకుండా పోతాడా?” అని అరిచాను. ఆ అరుపు పక్కనే ఉన్న అన్నకు వినబడే ఉంటుంది. వినబడాలనే అరిచాను.

అంతే. రెండేళ్ళు. ఇక్కడ ఉన్న చిక్కేమిటో చూడండి. నేను రా అనలేదు కాబట్టి వాడు నా ఇంటికి రాడు. నేను పోయి పిలవాలి. పోతే అది వాడి ఇల్లు, అక్కడ రా అనవలసింది వాడు. వాడు అనకపోతే నేను గడప తొక్కను. తొక్కకపోతే పిలవలేను. ఫోనులో పిలిస్తే అది పిలుపు కాదు. ఇద్దరికీ రోషం నాన్నదే వచ్చింది, చెరి సమానంగా. వదిన పండగలకు వాట్సాపులో పువ్వుల బొమ్మలు పంపేది, నేను తిరిగి దీపాల బొమ్మలు పంపేదాన్ని. అదీ మా రాకపోకలు.

ఇన్నాళ్ళూ లాక్కొచ్చాను గాని, పాప చెవుల దగ్గర ఇరుక్కుపోయాను. మాలో బిడ్డకు చెవులు కుట్టేది మేనమామ ఒడిలో కూర్చోబెట్టి. ఒకటో ఏడు గాని, మూడో ఏడు గాని, అయిదో ఏడు గాని. ఒకటి ఈ గొడవలోనే దాటిపోయింది. మూడు నడుస్తోంది, ఇంకో రెండు నెలలే ఉంది. మా అత్తగారు రోజూ పొద్దున దోసెలు పోస్తూ ఎత్తేది ఈ మాటే.

“మీ పెదనాయన కొడుకు ఉండాడు గదమ్మా. ఆ అబ్బి ఒడిలో కూర్చోబెడితే ఆగదా? అతనూ మామనే గదా?”

“ఆగదు” అనేదాన్ని.

“మరి మీ అన్నను పిలువు.”

“పిలవను.”

“సరి, చెవులు నువ్వే కుట్టు” అని దోసె నా పళ్ళెంలోకి విసిరేది.

పెదనాన్న కొడుకు మంచివాడే. కానీ సొంత అన్న బతికి ఉండగా, నాలుగు గంటల దూరంలో ఉండగా, నా బిడ్డను ఇంకొకరి ఒడిలో ఎట్లా కూర్చోబెడతాను? అట్లా చేస్తే ఇక జన్మలో మా ఇద్దరికీ మాటలు ఉండవు. అది నాకు తెలుసు. అన్నకూ తెలుసు. రాత్రి పాప నిద్రపోయాక ఆ చిట్టి చెవులు చూసుకుంటే ఏడుపొచ్చేది, పొద్దున లేస్తే రోషమొచ్చేది.

ఇట్లాంటి మనిషిని పట్టుకుని నమస్తే గురించి మాట్లాడమన్నారు మా యోగా వాళ్ళు.

ఫోనులో వెదికితే నమః అంటే ‘న మమ’, నాది కాదు అని అర్థమని నాలుగు చోట్ల రాసి ఉంది. అహంకారం వదిలేయడమట. భలేగా ఉందే అనుకుని కాగితం మీద రాసుకుని మాస్టారి దగ్గరికి పోయాను, మెచ్చుకుంటారని. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అంటే తప్పు చెప్పానన్నమాట.

“అది తర్వాతివాళ్ళు భక్తితో చెప్పుకున్న అందమైన మాటమ్మా. తప్పనను గాని, పుట్టుక అది కాదు. నమ్ అనే ధాతువుకు వంగడం అని అర్థం. నమస్ అంటే వంగడం, తే అంటే నీకు. నీకు వంగుతున్నాను. అంతే. ఎంత పాతదంటే, వేదం నాటికే ఉంది.”

“ఇంతేనా?” అన్నాను. నాకు చప్పగా అనిపించింది. పది నిమిషాలకు ఏం సరిపోతుంది?

“ఇంతే. మీ వణక్కం మాత్రం ఏమిటి? వణంగడం అంటే వంగడమే కదా. దండం అంటే కర్ర. పాతిన కర్ర పడిపోయినట్టు నేల మీద పడిపోవడం. ఎవరు ఏ భాషలో చెప్పినా మనిషి నడుము వంగాలనే చెప్పారు. చేతులు జోడించడం అందులో సగం పని. వంగకుండా చేతులు మాత్రం జోడిస్తే, పాపం, చేతులకు వ్యాయామం.”

నేను రాసుకున్నాను. వ్యాయామం అన్న మాట యోగా వాళ్ళకు నచ్చుతుందని దాని కింద గీత కూడా గీశాను.

“ఇంకొకటి రాసుకో. వేదంలో రుద్రుడికి నమస్కారాలు చెప్పే చోట, మొట్టమొదటి నమస్కారం దేనికో తెలుసా? ఆయన కోపానికి. ఆయనకు కాదు, ఆయన దయకు కాదు. ముందు కోపానికి, ఆ తర్వాత ఆయన బాణానికి.”

“కోపానికెందుకు మాస్టారూ?”

“ప్రసన్నంగా ఉన్నవాడికి ఎవడైనా పెడతాడమ్మా నమస్కారం. అందులో ఏముంది?”

ఆయన మామూలుగానే అన్నారు. మా అన్న సంగతి ఆయనకు తెలియదు. నా పెన్ను మాత్రం ఆగిపోయింది. రెండేళ్ళుగా నేను చూస్తున్నది వాడి కోపం దిగాలని. దిగితే పోదామని. వాడు చూస్తున్నది నా రోషం దిగాలని. ఇద్దరం ఎదుటివాడి కోపం దిగేదాకా దూరంగా కూర్చున్నవాళ్ళమే. కాఫీ తాగి పోమ్మా అంటున్నా వినిపించుకోకుండా ఇంటికి వచ్చేశాను.

వచ్చి, ప్రసంగం పనిలో పడితే మనసు మళ్ళుతుందని, మా ఇంటి పూజ వీడియో పెట్టుకున్నాను. యోగా చేసే హాల్లో టీవీ ఉంది, అందరూ చేతులు జోడించే ముక్క ఒకటి చూపిద్దామని నా ఆలోచన. రెండేళ్ళలో ఆ వీడియో నేను ఒక్కసారీ పూర్తిగా చూడలేదు. చూస్తే కోపం వస్తుందని.

పాట మోగుతోంది. నేను నవ్వుతున్నాను. కరెంటు ఆఫీసు ఆయన వచ్చాడు, జోడించాను. మా ఆయన మేనేజరు వచ్చాడు, జోడించాను. తర్వాత అన్న వచ్చాడు. కొత్త పంచె, కొత్త చొక్కా, చొక్కా మడతలు కూడా పోలేదు. రెండు చేతులా ఇత్తడి సెమ్మె పట్టుకుని ఉన్నాడు. నేను జోడించాను. తిరిగి జోడించడానికి వాడికి చేతులు ఖాళీ లేవు. వాడు కదల్లేదు. నా ముఖం చూస్తూ నిలబడ్డాడు. పెదవులు కొంచెం నవ్వుకు సిద్ధంగా ఉన్నాయి, నేను అనగానే నవ్వుదామని. నేను వాడి భుజం మీదుగా వెనక వస్తున్న వాళ్ళెవరినో చూసి నవ్వుతున్నాను. వాడు ఇంకాస్త నిలబడ్డాడు. ఆ నవ్వు పోయింది. వంగి సెమ్మెను మెట్టు మీద పెట్టి పక్కకు తప్పుకున్నాడు.

నాలుగైదు సార్లు వెనక్కి తిప్పి చూశాను. ఎన్నిసార్లు చూసినా నేను రా అనలేదు.

మర్నాడు శనివారం. పొద్దున్నే మాస్టారి తలుపు కొట్టి, “రేపటి ప్రసంగం మీరు చెప్పండి, నాకు ఊరు పోయే పని పడింది” అని కాగితాలు చేతిలో పెట్టాను. పాపను తీసుకుపోదామా అన్నాడు మా ఆయన. వద్దన్నాను. బిడ్డను చూపించి జాలి పుట్టించే రకాన్ని కాదు నేను. తప్పు నాది, నేనే పోతాను. తేని బస్టాండులో బస్సు మారి, ఏలకుల మూటల పక్కన సీటు దొరికి, చిన్నమనూరులో దిగేసరికి పదకొండు దాటింది. దారి పొడుగునా ఏం మాట్లాడాలో అనుకుంటూ వచ్చినవన్నీ గేటు చూడగానే ఎగిరిపోయాయి.

గేటు తీసే ఉంది. అన్న ముంగిట్లో కూర్చుని ద్రాక్షకు మందు కొట్టే మిషను విప్పి తుడుస్తున్నాడు. తలెత్తి నన్ను చూశాడు. మళ్ళీ మిషను చూశాడు. రా అనలేదు. వదిన వరండాలోకి వచ్చింది. ఆమె పుట్టినూరు ఆండిపట్టి, మాటకారి. నన్ను చూడగానే నోరు తెరిచింది, అన్న వైపు చూసి మూసేసింది. నేను గేటు గీత ఇవతల నిలబడ్డాను.

దారిన పోయే అవ్వ ఒకతె ఆగింది. “ఏమ్మా, పుట్టింటి వాకిట్లో నిలబడుండావు? లోపలికి పోలేదా?”

“ఎండ బాగుండాది అవ్వా, కాస్త కాగిపోతా” అన్నాను.

అన్న మిషను మీదనుంచి తల ఎత్తకుండానే వదినతో అన్నాడు, “వీధిలో ఎవురో ఉండారు, ఏం కావాలో అడుగు.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వెనక్కి తిరిగి బస్సెక్కుదామనే అనుకున్నాను. ఒక అడుగు వేశాను కూడా. వాడి కోపానికి మొక్కడానికే వచ్చాను గదా, వాడు కోపంగా ఉండక ఇంకెట్లా ఉంటాడు అనిపించి ఆగాను. చెప్పులు విడిచాను. ఆ కాలే మట్టిలో, వీధిలోనే, గేటు ఇవతలే మోకాళ్ళ మీద పడి నేలకు తల ఆనించాను. చీర ఏమైందో చూసుకోలేదు. అవ్వ “అయ్యయ్యో” అంది.

లేచి నిలబడి, ఇల్లంతా వినబడేటట్టు చెప్పాను.

“ఎవురో కాదు, నీ చెల్లిని. నేను లోపలికి రాను, నువ్వు పిలవలేదు. ఇక్కణ్ణించే చెప్తా. వీడియో సూసినా అన్నా. నువ్వు సెమ్మె పట్టుకుని నా మొగమే సూస్తా నిలబడితివి. నేను ఎవుర్నో సూస్తా నవ్వితి. తప్పు నాది. పాపకు చెవులు కుట్టాల. నీ ఒడి తప్ప ఇంకో ఒడి నాకు ఒద్దు. రా అన్నా. ఆ పొద్దు అనాల్సింది ఈ పొద్దు అంటుండా. రా.”

మిషను కింద పెట్టేశాడు. లేచి, చేతులు పంచెకు తుడుచుకుంటూ, ముంగిలి దాటి, గేటు దాటి వీధిలోకి వచ్చాడు. నా ఎదురుగా నిలబడ్డాడు. జుట్టు బాగా నెరిసింది. రెండేళ్ళలో ఇంత నెరుస్తుందా అనుకున్నాను.

“అమ్మ ఉన్నన్ని దినాలు, నేను తోటనుంచి వస్తే రా అబ్బీ అనేది” అన్నాడు. “పక్క తోటకు పోయి వచ్చినా అనేది. అమ్మ పోయినాక నన్ను ఎవురూ అనలేదు. మీ వదిన అన్నం పెడతాది, ఆమెకు నేను ఇంటి మనిషే గదా, రా అనే పని లేదు. ఆ పొద్దు నీ ఇంటికి వస్తా వ్యానులో అదే అనుకుంటా వస్తిని. నా చెల్లి అంటాది రా అన్నా అని, ఏడాదయింది వినక అని.”

ఆ వీధిలో, ఆ అవ్వ ముందు, ఇద్దరం చిన్నపిల్లల్లా ఏడ్చాం.

“చాల్లే సామీ!” అని వదిన వరండాలోనుంచి కేక పెట్టింది. “అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ రాండి లోపలికి! ఇద్దర్నీ నేనే పిలుస్తుండా, సరేనా? అన్నం ఆరిపోతుండాది.”

పోయాం. కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక, వదిన వడ్డిస్తుంటే, చెవులు కుట్టే రోజు చెప్పాను. వచ్చే నెల పౌర్ణమికి ముందు శుక్రవారం. అన్న సరేనని తలూపి, అన్నం కలుపుతూ కలుపుతూ ఆగాడు.

“పాప నా ఒడిలో కూర్చుంటాదా?” అన్నాడు. “నన్ను ఎరగదు గదా.”

ఏడాది బిడ్డగా చూసినవాడు. ఇప్పుడు దానికి మాటలు వచ్చాయి, పరుగు వచ్చింది, కొత్తవాళ్ళు ఎత్తుకుంటే భయపడి ఏడవడం కూడా వచ్చింది. వాడికి నా బిడ్డ గొంతు ఎట్లా ఉంటుందో తెలియదు.

అన్న వదిన వైపు తిరిగాడు.

“తోటకు ఎవుర్నైనా మాట్లాడు. నేను పది దినాల ముందే పోయి ఈమె ఇంట్లో ఉంటా. బిడ్డకు అలవాటు కావాల.”